తాలింఖానా నుంచి లండన్ దాకా.. కోడి రామమూర్తి నాయుడు

నేడు కలియుగ భీముని వర్ధంతి

అడ్డతీగల, జనవరి 16 : ఛాతీపై ఏనుగును నిలిపిన వీరునిగా, రెండు మోటారు కార్లను కదలనీయక పట్టిన బలశాలిగా కోడి రామమూర్తి నాయుడు పేరు వినని తెలుగువారు అరుదు. ఆయన పేరు చెప్పగానే ఏనుగు, ఇనుప గొలుసు, కారు ఈ మూడే కళ్ల ముందు మెదులుతాయి. అయితే ఆ ఏనుగు కంటే ముందు ఒక తాలింఖానా ఉంది. విజయనగరంలో సాయంవేళల పిల్లలు, పెద్దలు చేరి దండేలు, బస్కీలు తీసిన ఆ మట్టినేల లేకపోతే రామమూర్తి లేరు. ఆయన జీవితగాథలలో ఆ ముచ్చట ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతూ ఉంటుంది. వర్ధంతి సందర్భంగా ఏనుగు సంగతి కొంత తగ్గించి, ఆ నేల సంగతి కొంత పెంచి చెప్పుకోవడం సముచితం.

కొండవాలు ఊరి బిడ్డ

రామమూర్తి 1880ల తొలి సంవత్సరాలలో వీరఘట్టంలో జన్మించారు. తండ్రి వెంకన్ననాయుడు. తూర్పు కనుమల వాలులో, నాగావళి పరీవాహకంలో ఉన్న ఆ ఊరు 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో దశాబ్దాల పాటు ఉండి, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. ఆ పునర్విభజనలోనే మన అడ్డతీగల తూర్పుగోదావరి నుంచి విడివడి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. అటు వీరఘట్టం, ఇటు అడ్డతీగల రెండూ ఒకే కొండల వరుసకు చెందినవి. ఆ కొండల బిడ్డగా ఆయన ఏజెన్సీ వాసులకు పరాయివాడు కాడు. కొసమెరుపు ఏమిటంటే, ఏనుగును రొమ్ముపై నిలిపిన వ్యక్తి పుట్టిన ఆ ప్రాంతమే ఈనాడు ఒడిశా వైపు నుంచి దిగివచ్చిన ఏనుగుల గుంపుతో కంటికి కునుకు లేక అల్లాడుతోంది. చెరకు, అరటి, వరి చేలు ఏనుగుల పాలవుతున్నాయని అక్కడి రైతులు ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటూనే ఉన్నారు.

పసితనంలోనే తల్లి కన్నుమూసింది. తల్లిలేని పిల్లవానిపై తండ్రి గారాబం చేశారు. చదువుపై మనసు నిలవక, చెరువు గట్ల వెంట, కొండ దారుల వెంట తిరిగే కుమారుని చూసి వెంకన్ననాయుడు విజయనగరంలో పోలీసు కొలువులో ఉన్న తమ్ముని ఇంటికి పంపారు. దారిలో పడతాడని పంపిన పిల్లవాడు అక్కడ పుస్తకం కంటే ముందు గోదాను చూశాడు. పినతండ్రి అందుకు అడ్డు చెప్పకపోగా ప్రోత్సహించడం ఆ బాలుని అదృష్టం. ఆ కాలపు సంసారాలలో కసరత్తు చేసే కుర్రవానిని పనికిమాలిన వానిగా జమకట్టడం పరిపాటి.

ఇల్లు కాదు, కొలువు కాదు

తాలింఖానా అనే మాట ఈ తరానికి అంతగా తెలియదు. కొన్ని ఊళ్లలో గరిడీ అనేవారు, మరికొన్ని చోట్ల సాముశాల అనేవారు. పేరు ఏదయినా నిర్మాణం ఒకటే. తాటాకు కప్పో, పెంకుటి కప్పో వేసిన ఒక పొడవాటి సాల. నడుమ రాళ్లు ఏరి, జల్లించి, నూనె కలిపి మెత్తపరచిన ఎర్రమట్టి గోదా. గోడవార కొయ్య గదలు, కరేలాలు, ఎత్తడానికి సంగిడి రాళ్లు, కర్రసాముకు వెదురు కర్రలు. ఒక మూల ఆంజనేయుని పటం, దాని ముందు దీపం. అంతే. ఇంతటి కొద్దిపాటి సరంజామాతో వందల మంది యువకులను తీర్చిదిద్దిన వ్యవస్థ అది.

దానికి పెద్ద వస్తాదు. ఆయన మాటకు తిరుగు లేదు. గోదాలో దిగేముందు మట్టిని తాకి కళ్లకద్దుకోవాలి. మద్యం సేవించి గడప తొక్కరాదు. చిన్నవానిని పెద్దవాడు నేలకు కొట్టి గేలి చేయరాదు. రుసుము అనేది నామమాత్రం. పండుగకు ఇచ్చే దక్షిణ, దీపానికి నూనె, కొబ్బరికాయ ఇవే వస్తాదు రాబడి. పూట గడవడం మాత్రం సంస్థానాల ఆదరణ మీద, ఊరి పెద్దల ఉదారత మీద ఆధారపడి ఉండేది. దసరా వచ్చినా, పీర్ల పండుగ వచ్చినా తాలింఖానా కుర్రవాళ్లే వీధుల్లో కర్రసాము, కత్తిసాము ప్రదర్శించేవారు. హిందువుల పండుగ ఊరేగింపులో ముస్లిం వస్తాదు ముందు నడవడం, పీర్ల ముందు హిందూ కుర్రవాడు కర్ర తిప్పడం ఆ రోజులలో ఎవరికీ వింతగా తోచలేదు.

కసరత్తు గంటసేపే. ఆ తరువాత రెండు గంటలు అరుగుపై ముచ్చట్లు. ఊరి తగవులు, పంటల ధరలు, పెళ్లి సంబంధాలు, దొరల దౌష్ట్యాలు, దినపత్రిక చదవగలిగిన వాడుంటే పత్రికా విశేషాలు అన్నీ అక్కడే. ఇంట్లో తండ్రి ముందు నోరు విప్పలేని కుర్రవాడు, కొలువులో యజమాని ముందు తలవంచిన నౌకరు అక్కడ కాసేపు తలెత్తి మాట్లాడేవారు. అయితే కులం గోడలు అక్కడ పూర్తిగా కూలిపోయాయని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కొన్ని తాలింఖానాల గడప కొందరికి అందేదే కాదు, స్త్రీలకు ఎక్కడా అందలేదు. అయినా ఆ కాలపు ఊళ్లో గుడి, బావి, భోజనశాల విధించిన దూరాలతో పోలిస్తే గోదాలో దూరం తక్కువ. పట్టు పట్టాలంటే ఒకరినొకరు తాకక తప్పదు కదా.

ఇటువంటి వాతావరణంలో రామమూర్తి పెరిగారు. పూసపాటి వారి సంస్థాన రాజధాని కావడం వల్ల విజయనగరంలో మల్లవిద్యకు ఆదరణ ఉండేది. 1757 నాటి బొబ్బిలి యుద్ధ గాథలు ఆ ప్రాంతపు గాలిలోనే కలసి ఉన్నాయి. గురజాడ అప్పారావు, ఆదిభట్ల నారాయణదాసు అదే పట్టణంలో, అదే కాలంలో ఉన్నారు. 1910లో గురజాడ తన దేశభక్తి గేయంలో తిండికి, కండకు, దేశానికి ముడివేయడం వెనుక ఆ పట్టణపు గోదాల ప్రభావం ఉన్నదో లేదో గాని, అదే వీధుల్లో అటువంటి కండ పెంచిన యువకుడు అప్పటికే తిరుగాడి ఉన్నాడన్నది మాత్రం నిజం.

బడిలో వ్యాయామం

మల్లయోధునిగా పేరు వచ్చాక రామమూర్తి చేసిన పని ఆసక్తికరమైనది. మద్రాసు వెళ్లి సైదాపేట కళాశాలలో ఏడాది పాటు వ్యాయామ శిక్షణ పొంది, యోగ్యతాపత్రం చేతబట్టుకుని విజయనగరం తిరిగివచ్చి తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయునిగా చేరారు. తాలింఖానాలో వస్తాదు నోటివెంట నేర్చిన విద్యకు బడిలో పీరియడు దొరికింది. ప్రాణాయామాన్ని, ఊపిరి బిగింపును దేశీయ కసరత్తుతో జోడించే ఆయన పద్ధతి ఈ దశలోనే రూపుదిద్దుకుంది. శాకాహారి. ఆంజనేయ ఉపాసకుడు. కండ కేవలం మాంసం వల్ల రాదని, ఊపిరిపై అదుపుతో వస్తుందని జీవితాంతం ప్రచారం చేశారు.

ఆ కాలాన్ని కూడా తలచుకోవాలి. ఐరోపాలో పేరు మోగిన బలశాలి యూజీన్ శాండో 1904-05లలో భారతదేశమంతా పర్యటించాడు. డంబెల్స్, కండల కొలతలు, ఛాయాచిత్రాలు ఒక్కసారిగా ఫ్యాషన్ అయ్యాయి. మరోవంక 1905లో బెంగాల్ విభజన జరిగింది. 1902లో కలకత్తాలో వ్యాయామ సంఘంగా మొదలైన అనుశీలన సమితి విప్లవ సంస్థగా మారింది. మహారాష్ట్రలో అంతకు ముందే, 1897లో పూనాలో ర్యాండ్ అనే అధికారిని హతమార్చిన చాపేకర్ సోదరులు వ్యాయామ సంఘం నడిపిన వారే. కసరత్తు శాలలో కూడిన నలుగురిని చూసి తెల్లదొరలు భయపడసాగారు. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక ఈ వ్యాయామ సంఘాలను సైతం ప్రస్తావించిందంటే ఆ భయం ఎంతటిదో తెలుస్తుంది.

ఇక్కడ మన కాకినాడ ఉదంతం ఒకటి చెప్పుకోవాలి. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ విజయనగరం, విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి తదితర పట్టణాలలో ఉపన్యసించి వెళ్లారు. మే నెలాఖరున కాకినాడలో వందేమాతరం అన్న పాపానికి ఒక బాలుని కెంప్ అనే ఆంగ్లేయ వైద్యాధికారి కొట్టాడు. ఆగ్రహించిన జనం ఆ రాత్రి దాడి చేసింది కచేరీపై కాదు, ఠాణాపై కాదు. దొరల క్లబ్బుపై. ఇల్లు, ఉద్యోగం కాక దొరలు సాయంత్రాలు గడపడానికి కట్టుకున్న చోటు అది. భారతీయుడు అందులోకి పళ్లెం మోసుకుంటూ తప్ప వెళ్లలేడు. ఆ క్లబ్బుకు జవాబుగా మనవారికి మిగిలినది తాలింఖానా అరుగే. ఈ దృష్టితో చూస్తే రామమూర్తి ఛాతీ కొలతలకు జనం ఎందుకంత పొంగిపోయారో అర్థమవుతుంది.

డేరాలో మరో గోదా

ఉపాధ్యాయ వృత్తిలో ఆయన ఎక్కువకాలం నిలవలేదు. పొట్టి పంతులు అనే మిత్రుని సలహా, సహకారాలతో విజయనగరంలో సర్కస్ కంపెనీ స్థాపించారు. దేశంలో అప్పటికి సర్కస్‌కు పాతికేళ్ల వయసు ఉంది. 1880లో విష్ణుపంత్ ఛత్రే బొంబాయిలో తొలి భారతీయ సర్కస్ ప్రదర్శించారు. 1901లో మలబారులోని తలచ్చేరి వద్ద కీలేరి కుంజికన్నన్ సర్కస్ శిక్షణశాల తెరిచారు. కుంజికన్నన్ సైతం వ్యాయామ శిక్షకుడే. దేశీయ సర్కస్ కసరత్తు శాల కడుపున పుట్టిందనడానికి ఈ ఇద్దరు వ్యాయామోపాధ్యాయుల కథలే నిదర్శనం.

రామమూర్తి బృందం తుని, రాజమండ్రి, ఏలూరు మీదుగా సాగి, 1912లో మద్రాసులో డేరా వేసింది. ప్రదర్శనాంశాలు జగత్ప్రసిద్ధం. భుజాలకు, ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి పూరించి తెంచివేయడం. రెండు చేతులకు కట్టిన తాళ్లతో రెండు కార్లను పట్టి, అవి ఎంత గర్జించినా అంగుళం కదలనీయకపోవడం. నేలపై పరుండి ఛాతీపై బల్ల పరిపించుకుని దానిమీదుగా ఏనుగును నడిపించడం.

ఈ చివరిదానిపై ఒక మాట. బల్ల వాడారు గనుక అందులో గొప్ప ఏముందని పెదవి విరిచేవారు ఉన్నారు. బల్ల వల్ల బరువు ఛాతీ అంతటా పంచుకుంటుంది, నేలపై కొంత ఆనుతుంది అన్న మాట నిజమే. అయినా ఆ కొద్ది క్షణాలపాటు పక్కటెముకల గూడు విరగకుండా నిలవాలంటే లోపల ఊపిరి నిండుగా బిగబట్టి ఉండాలి. ఆ బిగి క్షణం సడలినా ప్రాణాంతకం. అది మాయ కాదు, ఏళ్ల తరబడి పట్టిన సాధన. ఆయనను దేవుని అవతారంగా చిత్రించే కథలు, గారడీవానిగా కొట్టిపారేసే మాటలు రెండూ ఆ సాధనకు అన్యాయం చేసేవే అని ఈ రచయిత అభిప్రాయం.

ప్రదర్శన ముగిశాక రామమూర్తి వెంటనే వెళ్లిపోయేవారు కాదు. ఆ రోజులలో ఆయనను ప్రొఫెసర్ రామమూర్తి అని పిలవడం వెనుక కారణం ఇదే. బలప్రదర్శనతో పాటు వ్యాయామంపై, బ్రహ్మచర్యంపై, ఆహార నియమాలపై ఉపన్యాసం కూడా ఆయన కార్యక్రమంలో భాగం. డేరా ఎత్తివేసిన తరువాత ఆ ఊరి కుర్రవాళ్లు దండేలు తీయడం ప్రారంభించేవారు. ఉత్తర భారతంలో సైతం ఆయన పేరు పాఠకులకు సుపరిచితం. కలకత్తాలో ఆయన సర్కస్ చూసి ముగ్ధుడై, ఇల్లు విడిచి ఆయన శిష్యునిగా చేరిన బెంగాలీ యువకుడు భవేంద్రమోహన్ సాహా తరువాతి కాలంలో భీమ్ భవానీగా దేశవిఖ్యాతుడయ్యాడు. గురువు చేసిన ఏనుగు విద్యనే తానూ చేసి చూపాడు. వీరఘట్టం గాలి బెంగాల్ గోదాలో వీచింది.

పూనాలో లోకమాన్య తిలక్ ఆయన ప్రదర్శనను తిలకించి మల్లమార్తాండ బిరుదుతో సత్కరించారని, విదేశాలకు వెళ్లవలసిందిగా ప్రోత్సహించారని చెబుతారు. మదనమోహన మాలవీయ ప్రోత్సాహం కూడా ఆయనకు లభించింది. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నారన్నది ఆయన జీవితగాథలన్నీ ముక్తకంఠంతో చెప్పే మాట. 1910లో పంజాబు మల్లుడు గామా లండన్ వెళ్లి అమెరికా వస్తాదు రోలర్‌ను ఓడించి, పోలెండు వీరుడు జిబిస్కోను నేలకు అదిమి ఉంచిన సంఘటన ఆ కాలానిదే. పాలితుల కండ పాలకుల రాజధానిలో పరీక్షకు నిలిచిన రోజులవి.

లండన్ కంటే రంగూన్ సంగతి ఈ జిల్లాల వారికి దగ్గర. నాటి బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఏటా వేలాది కూలీలు కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవులలో ఓడలెక్కి రంగూన్ చేరేవారు. అక్కడ వారిని కోరంగీలనేవారు. రేవులో బస్తాలు మోయడం, ధాన్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం వారి బ్రతుకు. ఒక గదిలో పదుల సంఖ్యలో పడుకునే ఆ మనుషులకు ఇల్లు అనేదే లేదు, పని తప్ప. అటువంటి ఊరిలో రామమూర్తి డేరా వేసినప్పుడు తమ యాస మాట్లాడే మనిషి ఏనుగును మోయడం చూసిన కూలీ మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అదే రంగూన్‌లో ఆయనపై హత్యాప్రయత్నం జరిగిందని, తృటిలో తప్పించుకున్నారని కూడా కథ ప్రచారంలో ఉంది.

మన్యంలో ఒక పోలిక

రామమూర్తి కీర్తి శిఖరాన ఉన్న కాలంలోనే మన మన్యంలో అల్లూరి సీతారామరాజు మరొక విధంగా జనాన్ని ఒకచోట చేర్చారు. తిరుగుబాటుకు ముందు ఆయన గిరిజన గూడేలలో కల్లు, సారా మానమని బోధించారు. తగవులు కోర్టుకు తీసుకుపోక పంచాయతీలలో తీర్చుకోమన్నారు. సాయంత్రం గూడెం నడుమ కూడే ఆ పంచాయతీలే 1922 ఆగస్టులో మొదలైన పోరాటానికి పునాది. ఆ ఏడు అక్టోబరు 15న ఆయన దళం అడ్డతీగల ఠాణాపై దాడి చేసింది. రామమూర్తి గోదాకు, రాజు పంచాయతీకి నేరుగా సంబంధం లేదు. కాని రెండింటిలోనూ మొదటి నియమం మద్యం మానడమే, రెండింటినీ చూసి ప్రభుత్వం ఉలిక్కిపడింది.

ఏజెన్సీలో యువకులు కూడే చోట్లు ఎప్పుడూ తక్కువే. వారపు సంత ఒకటి, మామిడి కొత్త, భూదేవి పండుగల వేళ గూడెం మైదానం ఒకటి. సంత సాయంత్రానికి ముగుస్తుంది, పండుగ ఏడాదికొకసారి. మిగిలిన రోజుల్లో పొద్దుగూకాక కుర్రవానికి మిగిలేది సారా వాసనో, చేతిలోని ఫోనో. మైదాన ప్రాంత పట్టణాలలో అద్దాల గోడల జిమ్‌లు వెలిశాయి. నెలవారీ రుసుము చెల్లించి, చెవిలో పాట పెట్టుకుని, పక్కవానితో పలుకకుండా ఇంటిదారి పట్టేవారే అక్కడ ఎక్కువ. యంత్రాలు మంచివే. అరుగు లేకపోవడమే లోటు.

తాలింఖానా పద్ధతి ఎక్కడా మిగలలేదని మాత్రం అనలేము. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న నడిపిన చిన్న వ్యాయామశాలలో ఇనుము ఎత్తడం నేర్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. విజయనగరం జిల్లా నెల్లిమర్ల వద్ద కొండవెలగాడ గ్రామం వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరొందింది. రామమూర్తి కాలంలో ఆడపిల్లకు తెరవని గడప ఆ ప్రాంతంలోనే తెరుచుకుంది. ఊరంతటికీ ఒక శాల, శాలకు ఒక గురువు, గురువుకు లాభాపేక్ష లేకపోవడం అన్న పాత సూత్రమే అక్కడ ఫలించింది.

చివరి రోజులు

రామమూర్తి సంపాదన లక్షల్లో సాగిందని, అందులో పెద్ద భాగం దానధర్మాలకు, దేశోద్యమ కార్యాలకు ధారపోశారని చెబుతారు. చేతికి ఎముక లేని మనిషికి వృద్ధాప్యంలో ఏమి మిగులుతుందో ఆయనకూ అదే మిగిలింది. కాలికి పుండు లేచి, ముదిరి, చివరకు కాలు తీసివేయక తప్పలేదు. మత్తుమందు వద్దని, ఊపిరి బిగబట్టి కోత భరించారని ప్రతీతి. ఏనుగు పాదం కింద చెక్కుచెదరని దేహం చిన్న పుండుకు లొంగిపోయింది.

సర్కస్ చెదిరిపోయింది. జంతువులు, డేరాలు, మనుషులు తలోదారి పట్టారు. సొంత ఊరికి దూరంగా, ఒరిస్సాలోని నాటి పాట్నా సంస్థానం బలంగీర్‌లో ఆయన చివరి రోజులు గడిచాయి. 1942 జనవరి 16న అక్కడే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు అరవై దరిదాపుల్లో ఉంది. విశాఖపట్నం సాగరతీరంలో ఆయన నిలువెత్తు విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

సంక్రాంతి వెళ్లీ వెళ్లని ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర పల్లెల్లో సంగిడీల పోటీలు జరపడం ఆనవాయితీ. పండుగ కొత్త బట్టలు విప్పి గట్టున పెట్టి, నడుము బిగించి, ఊరి జనం చుట్టూ నిలబడి అరుస్తుండగా యువకులు ఆ బరువులను నెత్తికెత్తుతారు.